చూసీ చూడనట్టు

వార్తాపత్రికలో ఆటల పేజీ రాగానే దాన్ని విడదీసి అలమారు అరల్లో పరిచే ఇల్లాళ్ళు మనలో చాలామందే వున్నారు. నేనూ ఆ జాబితాలోదాన్నే. అలాంటిదాన్ని అమెరికా కాలేజీ పిల్లలాడే బాస్కెట్‌బాల్ గురించి రాయబోతున్నానంటే మీకు నవ్వు రావచ్చు. కానీ ఏం చెయ్యను? మన పిల్లలు అక్కడ చదువుకుంటున్న రోజులాయె. మార్చి నెల వచ్చిందంటే చాలు, ఫోను చేస్తే ‘పిన్నీ, మా యూనివర్సిటీ ఆట వుంది, రేపు మాట్లాడతా’ అంటారు. పిన్నికంటే ఎక్కువైపోయిన ఆ ఆట ఏమిటో చూద్దామని కూచుంటే, నాకు బంతికంటే రిఫరీ నోట్లో ఈల మీదికే దృష్టి పోయింది. అందులో ఓ ధర్మసందేహం వుంది. తప్పు కళ్ళముందు జరుగుతున్నా ఈల వెయ్యని రిఫరీ వున్నాడనుకోండి, ఆయన ఎవరి పక్షం?

‘ఎవరి పక్షమూ కాదు, ఆటను ఆటగా సాగనిచ్చాడు’ అనేవాళ్ళే ఎక్కువ. నాకు ఆ జవాబు మింగుడు పడలేదు.

అసలీ ఆట పుట్టిందే ఒంటిమీద చెయ్యి పడకూడదని. 1891 డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే వూళ్ళో వై.ఎం.సి.ఎ. వాళ్ళ శిక్షణ పాఠశాలలో ఓ అల్లరి క్లాసు వుండేది. బయట చలి, లోపల కసరత్తులంటే విసుగు. వాళ్ళని కుదురుగా వుంచే ఆట ఏదైనా కనిపెట్టమని జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారికి పురమాయించారు. ఆయన బాగా ఆలోచించాడు. ఫుట్‌బాల్లో అంత కుమ్ములాట ఎందుకొస్తోంది? బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఆపాలంటే వాణ్ణి పడెయ్యక తప్పదు గనక. అందుకని బంతి పట్టుకుని పరిగెత్తకూడదన్నాడు. గురి ఎదురుగా వుంటే బలంకొద్దీ విసురుతారు గనక దాన్ని తలలకంటే పైన పెట్టించాడు. అక్కడికి బంతి చేరాలంటే బలంకంటే ఒడుపు కావాలి. పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి కట్టించి, 13 నియమాలు రాశాడు. భుజంతో తొయ్యడం, పట్టుకోవడం, నెట్టడం, కాలడ్డం పెట్టడం, కొట్టడం కూడదన్నది అయిదో నియమం. మొదటిసారైతే ఫౌలు. రెండోసారైతే తర్వాతి గోలు పడేదాకా బయట కూచోవాలి. గాయపరచాలన్న ఉద్దేశమే కనిపిస్తే ఆటంతా బయటే, బదులుగా ఇంకోడు రాడు.

అదే వై.ఎం.సి.ఎ. తరఫున హారీ క్రో బక్ అనే ఆయన 1920లో మద్రాసులో వ్యాయామ కళాశాల పెట్టాడు. మన స్కూళ్ళలో పొట్టి లాగూ, మెళ్ళో ఈలా వేసుకుని తిరిగిన డ్రిల్లు మాస్టార్లలో అక్కడ చదివొచ్చినవాళ్ళున్నారు. ఆ మాస్టార్ల ఈల ఎంత ఖచ్చితంగా వుండేదో మీకు గుర్తుండే వుంటుంది. అదలా వుంచండి.

ఇంత ముచ్చటపడి కన్న ఆట వందేళ్ళు దాటేసరికి ఎలా తయారైందంటే, నియమం మాత్రం పుస్తకంలో భద్రంగానే వుంది. ఈలే మెత్తబడింది. బంతి నేలకి కొడుతూ ముందుకెళ్ళే కుర్రాడి నడుంమీద అవతలివాడు అరచెయ్యి ఆనించి వుంచుతాడు. లేదా ముంజేయి అడ్డంగా పెడతాడు. కొట్టడు, తొయ్యడు. ఊరికే అక్కడ వుంచుతాడు. అంతే, వీడు వెళ్ళదలిచిన దారిన వెళ్ళలేడు, వాడు వెళ్ళనిచ్చిన దారినే వెళతాడు. రిఫరీ చూస్తాడు. ‘ఈమాత్రానికేనా’ అనుకుని ఊరుకుంటాడు.

2011 ఫైనల్లో బట్లర్ కాలేజీ పిల్లలు 64 సార్లు బుట్టకి గురిపెడితే 12 సార్లు మాత్రమే పడింది. కనెక్టికట్ 53-41తో గెలిచింది. తప్పంతా చేతులదే అనను, ఆ రాత్రి వాళ్ళ గురి కూడా కుదరలేదు. కానీ ఆ ఒక్క రాత్రి సంగతే కాదిది. 2012-13 సీజనులో ఒక్కో జట్టుకీ ఆటకి సగటున వచ్చినవి 67.5 పాయింట్లు. 1981-82 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదట.

అప్పుడు కాలేజీ ఆటల సంఘం ఎన్.సి.ఎ.ఎ. వాళ్ళకి మెలకువ వచ్చింది. అంతకుముందు ‘ఇలా చూసుకోండి’ అని రిఫరీలకి సలహాగా చెబుతున్నదాన్ని 2013-14కి మగపిల్లల ఆటలో నియమంగానే రాసేశారు. బంతి వున్నవాడిమీద చెయ్యి గానీ ముంజేయి గానీ ఆనించి వుంచితే ఫౌలు. రెండు చేతులూ వేస్తే ఫౌలు. మాటిమాటికీ చెయ్యి చాచి పొడిచినట్టు తగిలిస్తే ఫౌలు. ముంజేయి అడ్డుపెట్టి దారి మళ్ళిస్తే ఫౌలు.

ఇది చదివినప్పుడు నాకు ఆటేమీ తెలియకపోయినా నియమం మాత్రం వెంటనే అర్థమైపోయింది. మీకూ అయ్యేవుంటుంది. చెయ్యి తగలడం వేరు, చెయ్యి వుంచడం వేరు. కిక్కిరిసిన సిటీబస్సులో ఆఫీసుకో కాలేజీకో వెళ్ళిన ఏ ఆడదానికీ ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు. బ్రేకు వేసినప్పుడు తగిలే భుజం మన లెక్కలోకి రాదు. బ్రేకు వెయ్యకపోయినా కదలకుండా వున్న చెయ్యి ఏమిటో మనకి తెలుసు. ‘కావాలని చెయ్యలేదు’, ‘ఈమాత్రానికేనా’, ‘బస్సన్నాక తగలదా’ అనే మాటలూ తెలుసు. ఉద్దేశం ఏమిటని వాదించడం మొదలుపెడితే ఆ వాదన మనం దిగవలసిన స్టాపు దాకా తెమలదు. 2013 నియమంలో నాకు నచ్చింది ఇదే. ఉద్దేశం జోలికి అది పోలేదు. నీ మనసులో ఏముందో నాకనవసరం నాయనా, నీ చెయ్యి ఎక్కడుంది? అంది.

మరి అందరూ సంతోషించారా? లేదు. సీజను మొదట్లో ఈలలే ఈలలు. పరుగు తక్కువ, ఫ్రీత్రోలు ఎక్కువ. చూసేవాళ్ళు విసుక్కున్నారు. కోచ్‌లు గోలపెట్టారు. వాళ్ళ బాధలో కొంత న్యాయం లేకపోలేదు. పదేళ్ళ వయసునుంచీ ఒక కుర్రాడికి ‘చెయ్యి ఆనించి ఆపు, శభాష్’ అని నేర్పి, పంతొమ్మిదో ఏట అదే పనికి ఈల వేసి బయట కూచోబెడితే వాడేమనుకోవాలి? ఇన్నాళ్ళూ నిద్రపోయిన నియమం నిద్రలేచి మొదట కరిచేది ఆ నిద్రని నమ్ముకున్నవాణ్ణే గదా. ఈల మళ్ళీ నెమ్మదిగా సడలింది. 2014-15కల్లా సగటు తిరిగి 67 పాయింట్ల దగ్గరికి జారింది. సంవత్సరాది నాడు పెట్టిన ఇంటి బడ్జెట్ రథసప్తమి దాకా నిలవకపోవడం మనకేం కొత్త కాదు, పెద్ద సంఘాలకీ అదే తంతు. 2015లో మళ్ళీ నడుం కట్టి, ఒంటి తగులాటమీద కట్టుదిట్టం చేసి, బుట్టకేసి విసరడానికిచ్చే గడువుని 35 సెకన్లనుంచి 30కి తగ్గించారు. ఈసారి సగటు 73 దాకా వచ్చింది. అందులో గడువు వాటా ఎంతో, ఈల వాటా ఎంతో విడదీయడం కష్టం.

ఇంకో అభ్యంతరం వుంది, అది దీనికంటే గట్టిది. అద్భుతంగా ఆడే పిల్లలందరినీ పెద్దపెద్ద యూనివర్సిటీలు ఏరుకుపోతాయి. మిగిలిన చిన్న కాలేజీ ఏం పెట్టి ఆడాలి? ఒళ్ళు వంచి, అడ్డం పడి, అవతలివాణ్ణి ఊపిరాడనివ్వకుండా చేసి. బట్లర్ చిన్న కాలేజీయే. 2010లోనూ 2011లోనూ ఫైనల్‌కి వచ్చిందంటే ఎదుటివాళ్ళని గట్టిగా నిలవరించే ఆటవల్లనే. నువ్వు ఈల ఎక్కువ వేస్తే లాభపడేది పుట్టుకతోనే ఒడుపున్నవాడు, నష్టపోయేది కష్టపడేవాడు, అంటారు. ఈ మాట నన్ను కొన్నాళ్ళు ఆలోచనలో పడేసింది. కానీ కాళ్ళతో అడ్డుకోవద్దని ఎవరన్నారు? వాడు కుడికి వెళితే వాడికంటే ముందు కుడికి వెళ్ళి నిలబడమను. అది కష్టమైన పనే, దానికి ఈల లేదు. చెయ్యి వుంచడమన్నది కాళ్ళు అలిసినవాడు వెతుక్కున్న దగ్గరిదారి. పైగా ఆ దగ్గరిదారి పెద్ద కాలేజీలవాళ్ళకీ తెలుసు, వాళ్ళ చేతులు ఇంకా బలమైనవి.

ఉమ్మడికుటుంబాల్లో వసారాలో పేపరు చదువుకుంటూ కూచునే పెద్దాయన మీకు గుర్తున్నాడా? లోపల కోడళ్ళమధ్య ఏదో రగులుతూనే వుంటుంది. ‘మీరూ మీరూ చూసుకోండి, నేను కలగజేసుకోను’ అంటాడాయన, తన నిష్పక్షపాతానికి తనే మురిసిపోతూ. ఆయన కలగజేసుకోని ప్రతిసారీ గెలిచేది మాత్రం ఒకే కోడలు. ఆ సంగతి గెలిచినావిడకీ తెలుసు, ఓడినావిడకీ తెలుసు. తెలియనిది పేపరుకే.

అలాగని కట్టుదిట్టమల్లా మంచిదేనా అంటే, ఆడపిల్లల ఆట చరిత్ర చూశాక నేను కాస్త తగ్గాను. నైస్మిత్ ఆట పుట్టిన కొద్దినెలలకే, 1892లో, దగ్గర్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే వ్యాయామ టీచరు దాన్ని ఆడపిల్లలకి నేర్పింది. ఆ రోజుల్లో ఆడపిల్లలచేత గంతులు వేయించడమే సాహసం, ఆవిడకి చెయ్యెత్తి నమస్కరించాలి. మోటుతనం రాకూడదనీ, పిల్లలు మరీ అలిసిపోకూడదనీ ఆవిడ మైదానాన్ని మూడు భాగాలు చేసి గీతలు గీసింది. ఎవరి గడిలో వాళ్ళే ఆడాలి. అవతలి పిల్ల చేతిలో బంతి లాక్కోకూడదు. ఆ గీతలు ఏదో రూపంలో దశాబ్దాలపాటు నిలిచిపోయాయి. కాలేజీ ఆడపిల్లలు అయిదుగురేసి మైదానమంతా పరిగెత్తి ఆడే పద్ధతి నియమాల్లోకి వచ్చేసరికి 1971 అయింది. అయోవా రాష్ట్రపు హైస్కూళ్ళలోనైతే ఆరుగురి ఆట 1993 దాకా సాగింది. ముగ్గురు ఇటు సగంలో, ముగ్గురు అటు సగంలో. ఇటువాళ్ళు గార్డులు, అడ్డుకోవడమే వాళ్ళ పని. మధ్యగీత దాటరాదు, బుట్టలో వేసే భాగ్యం లేదు.

మోటుతనాన్ని ఆపడానికి రెండు దారులున్నాయన్నమాట. ఒకటి, అడ్డం పెట్టిన చేతిని తీసెయ్యమనడం. రెండోది, పరిగెత్తే పిల్లనే గీత దాటవద్దనడం. మనమ్మాయిల విషయంలో లోకానికి రెండోదే సులువుగా తోస్తుంది. బస్సులో ఇబ్బందిగా వుందంటే చెయ్యి వేసినవాడి సంగతి వదిలేసి ‘సాయంకాలం క్లాసు మానెయ్యరాదూ’ అనే ఇళ్ళు ఇంకా వున్నాయి. అందుకే ఈల గట్టిగా వెయ్యాలనేవాళ్ళని నేను మొదట ఒకటి అడుగుతాను, అది ఎవర్ని ఆపడానికండీ అని.

2024 ఏప్రిల్ 5న క్లీవ్‌లాండ్‌లో ఆడపిల్లల సెమీఫైనల్. అయోవా, కనెక్టికట్. ఇంకా 3.9 సెకన్లుంది, అయోవా 70, కనెక్టికట్ 69, బంతి కనెక్టికట్‌ది. తన జట్టు పిల్లకి దారి చెయ్యడానికి ఇంకో పిల్ల గోడలా నిలబడవచ్చు, దాన్ని స్క్రీన్ అంటారు, కానీ ఆ గోడ కదలకూడదు. ఆలియా ఎడ్వర్డ్స్ కదిలిందని ఈల పడింది. అయోవా 71-69తో నెగ్గింది. ఇక చూడండి గొడవ! చివరి క్షణంలో అలాంటి ఈల వేస్తారా, ఆటని పిల్లలకి వదిలెయ్యక, అని ఎందరో మండిపడ్డారు. నాకైతే ఆ మాట రుచించలేదు. మొదటి నిమిషంలో తప్పయింది చివరి నిమిషంలో ఒప్పెలా అవుతుంది? కనెక్టికట్ కోచ్ జీనో ఆరియెమ్మా మాత్రం వేరే మాటన్నాడు, వెతికితే ఇలాంటి స్క్రీన్ ప్రతిసారీ దొరుకుతుందన్న అర్థంలో. ఆయన ఫిర్యాదుగానే అన్నాడు. కానీ అది నిజమైతే తప్పు ఆ చివరి ఈలది కాదు, అంతకుముందు వినపడని ఈలలన్నిటిదీ. తొలినుంచీ వేసివుంటే ఆ అమ్మాయి ఆ క్షణానికి కదలకుండా నిలబడడం నేర్చుకునే వుండేది. ఆ జట్టు ముఖ్య క్రీడాకారిణి పేజ్ బెకర్స్, ఆట పోయింది ఆ ఒక్క ఈలవల్ల కాదని ఆ రాత్రే చెప్పింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, పెద్దవాళ్ళకంటే నిబ్బరంగా.

రెండు రోజుల తర్వాత ఫైనల్లో సౌత్ కరోలినా 87-75తో అయోవాని ఓడించింది. అమెరికాలో సగటున 1 కోటి 89 లక్షలమంది చూశారట, ఆ ఏడాది మగపిల్లల ఫైనల్‌కంటే ఎక్కువ. అయోవా తరఫున కెయిట్లిన్ క్లార్క్, ఆ రాష్ట్రంలోనే పుట్టిన పిల్ల, ఎక్కడో దూరాన్నుంచి బంతి విసురుతూ వుంటే టీవీలముందు కూచున్నవాళ్ళలో ఒకప్పటి గార్డులు కూడా వుండేవుంటారు. బంతి లాక్కుని, మధ్యగీత దాకా తీసుకెళ్ళి, అవతలి సగంలో వున్న అమ్మాయికి అందించి, గీతకి ఇవతల నిలబడి చూసిన ఆడవాళ్ళు.