రుచి వెనుకనున్న చేతులు



ఒక ప్రాంతమును లోకము తెలిసికొనుటకు దారులు పెక్కు గలవు. గుడిగోపుర మొకదారి, నది యొకదారి, కవి యొకదారి. వీనికన్న సులువైన దారి నాలుకది. ఆత్రేయపురము ఎచ్చట నున్నదో తెలియనివానికిని పూతరేకు తెలియును. బందరు రేవును చూడనివాడును బందరులడ్డు నెరుగును. తాపేశ్వరము మడతకాజాతోను, అనకాపల్లి బెల్లముతోను, తాండూరు కందిపప్పుతోను మనకు పరిచితములైనవి. ఇవి మనవని చెప్పుకొనునపుడు కలుగు సంతోషము సహజమైనది, నిర్దోషమైనది. అయితే ఇందొక ధర్మసందేహము కలదు. పదార్థమును మెచ్చుకొన్నంతమాత్రమున దానిని చేసినవారిని గౌరవించినట్లగునా? ఊరిపేరు చెప్పి గర్వించుటకు ఖర్చు లేదు. చేసినవారి ఋణము తీర్చుటకు మాత్రము ఏదో ఒకటి మనచేతినుండి వెడలవలయును. అది యేది అన్నదే ఇచ్చటి విచారణ.

ముందుగా ఆ పని యెట్టిదో చూతము. పూతరేకు చేయు స్త్రీ నున్నని కుండను బోర్లించి దాని క్రింద మంట పెట్టును. నానబెట్టి రుబ్బిన బియ్యపుపిండిని పలుచని జావగా కలిపి, అందు గుడ్డను ముంచి, వేడికుండపై ఒక్కసారి పరచి లాగును. కన్ను మూసి తెరచునంతలో ఉల్లిపొరవంటి రేకు నిలుచును. మంట హెచ్చిన మాడును, తగ్గిన అంటుకొనును. పిండి చిక్కనైన రేకు మందమగును. ఈ కొలతలు ఆమె చేతిలోనే యున్నవి. అట్టి రేకులపై నేయి రాచి, బెల్లపుపొడియో చక్కెరపొడియో చల్లి మడిచినదే మనము క్షణములో మ్రింగు పూతరేకు. బందరులడ్డు సంగతియు నిట్టిదే. శనగపిండిని పూసగా వండి, రోట దంచి, బెల్లపుపాకముతోను నేతితోను మరల దంచి ఉండలు కట్టుదురు. కనుకనే దానికి తొక్కుడులడ్డు అని పేరు.

1999లో పార్లమెంటు ఆమోదించిన భౌగోళిక సూచికల చట్టము 2003లో అమలులోనికి వచ్చినది. దాని క్రింద బందరులడ్డుకు 2017లోను, తాండూరు కందికి 2022లోను, ఆత్రేయపురము పూతరేకుకు 2023లోను గుర్తింపు లభించినది. ఇది మంచిదే. ఎక్కడనో చేసిన సరకును ఆ ఊరిపేరుతో అమ్ముటకు వీలులేకుండ ఆ చట్టము అడ్డుపడును. కాని చట్టము పేరును కాపాడును గాని, కుండయొద్ద కూర్చున్న స్త్రీ దినకూలిని నిర్ణయింపదు. పేరువలన వచ్చిన లాభము దుకాణపు గడపయొద్దనే ఆగునో, పొయ్యివరకు చేరునో అది అమ్మువారి మీదను, కొనువారి మీదను ఆధారపడియున్నది. అనగా చట్టము ముగిసినచోట ధర్మము మొదలగుచున్నది.

ఇచ్చట బసవాదిశరణుల మార్గము మనకు దారి చూపుచున్నది. పన్నెండవ శతాబ్దమున కల్యాణమునందు చేరిన శరణుల పేర్లను ఒక్కసారి తలచుకొనుడు. నులియ చందయ్య, మడివాళ మాచయ్య, గాణద కణ్ణప్ప, ఆయ్దక్కి మారయ్య. నారత్రాడు పేనినవాని పేరులో ఆ నులియే యున్నది. గానుగ ఆడించినవాని పేరులో గానుగయే యున్నది. పానీయము నమ్ముకొని బ్రతికిన హెండద మారయ్యయు ఆ వరుసలోనివాడే. వారు తమ పనిని దాచుకొనలేదు, పేరునకు ముందుంచుకొనిరి. నేడు మన స్థితి తలక్రిందులైనది. మిఠాయికి ఊరిపేరున్నది, పెట్టెకు దుకాణము పేరున్నది. చేసినవారికి మాత్రము పేరు లేదు. కాయకమును కైలాసముతో సమానముగా నెంచినవారి సంతతికి ఇది తగునా?

ఇక ఎదురుప్రశ్న ఒకటి యున్నది. అది తేలికగా తోసివేయదగినది కాదు. మఠమునందు దాసోహము నడుపు పెద్దలు ఇట్లనవచ్చును: "ఈ ధనము మాది కాదు, భక్తులది. గానుగనూనె ఖరీదెక్కువ, మిల్లునూనె తక్కువ. ఖరీదైనది కొన్నచో నూరుగురు తినవలసినచోట ఎనుబదిమందియే తిందురు. ఆకలిగొన్న ఇరువదిమందిని లేపి పంపి గానుగవానిని గౌరవించుట ఏ ధర్మము?" తుమకూరు సిద్ధగంగామఠమువంటి చోట్ల వేలకొలది విద్యార్థులకు నిత్యము అన్నము పెట్టుచుండగా రూపాయి రూపాయికి లెక్క చూడక తప్పదు. కనుక ఈ ప్రశ్నలో కారుణ్యమున్నది, లోభము లేదు.

అయినను సమాధానము కలదు. ముందుగా ఖరీదు ఎందుకు హెచ్చినదో తెలియవలెను. కొయ్యగానుగ నెమ్మదిగా తిరుగును. గింజలోని నూనెనంతయు పిండజాలదు. కొంత తెలకపిండిలో నిలిచిపోయి పశువుల కడుపు చేరును. పెద్ద కర్మాగారము ఆ పిండిలో మిగిలిన నూనెను సైతము రసాయనద్రావకముతో లాగివేయును. కనుక గానుగవాడు చెప్పు ధరలో దురాశ లేదు. అది పని స్వభావమునుండి పుట్టిన ధర. రెండవది, ఎవరికైన కూలి తగ్గించి చవకగా కొని దాసోహము పెట్టినపుడు, ఆ విస్తరిలో ఒక భాగము నిజముగా ఎవరు పెట్టినట్లు? కూలి కోల్పోయిన ఆ స్త్రీ పెట్టినట్లు. ఆమెను అడుగకయే ఆమెచేత దానము చేయించి, పుణ్యము మనఖాతాలో వ్రాసికొన్నాము. ఇది దాసోహము కాదు. దాసోహమనగా తన కాయకఫలమును సమర్పించుట. ఇతరుల కాయకఫలమును సమర్పించుట కాదు.

ఆయ్దక్కి లక్కమ్మ వృత్తాంతము మనకందరకును తెలిసినదే. నేలరాలిన బియ్యపుగింజల నేరి తెచ్చుట ఆ దంపతుల కాయకము. ఒకనాడు మారయ్య మామూలుకన్న ఎక్కువ తేగా, ఆశ శరణులకు తగదని, ఎక్కువైనదానిని తిరిగి అచ్చటనే పోసిరమ్మని లక్కమ్మ పంపినది. ఎక్కువ బియ్యముతో ఎక్కువమందికి పెట్టవచ్చునని ఆమెకు తెలియదా? తెలియును. విస్తళ్ల సంఖ్యకన్న ముందు బియ్యము వచ్చిన దారిని చూడవలెనని ఆమె చూపినది. మధురలో పిట్టు అమ్ముకొను ముదుసలి కథయు ఇట్టిదే. ఆమె వంతు గట్టుపని చేయుటకు శివుడు కూలివాడై వచ్చి, మన్ను మోయ నొప్పుకొని, పిట్టును కూలిగా పుచ్చుకొనెనని శైవులు చెప్పుకొందురు. పరమేశ్వరుడే ఆ ముదుసలి చేతివంటను ఊరక తినలేదు, వెల యిచ్చుకొన్నాడు. మనము బేరమాడి తినుట ఎట్లు?

అయితే ఈ వాదమును హద్దు దాటించరాదు. ఆకలిగొన్నవాడు ముందు, ఇందు సందేహము లేదు. చాలీచాలని ఆదాయముగల ఇల్లాలు చవక నూనె కొన్నచో ఆమెను తప్పుపట్టువాడు ధర్మము తెలిసినవాడు కాడు. ఎవరి శక్తి ఎంతయో వారి బాధ్యత అంతయే.

కొనువాని బాధ్యత ధరతో ముగియదు. బెల్లము సంగతి చూడుడు. చెరకురసమును పెద్ద పెనములో కాచి, సున్నము చేర్చి మడ్డి తీసి, పాకము ముదిరినపిదప అచ్చులలో పోయుదురు. అట్లు వండిన బెల్లము సహజముగా గోధుమవన్నెగానో, అంతకన్న నల్లగానో ఉండును. పచ్చగా మెరయు బెల్లమే మేలైనదని మనము ఎంచుటచేత, వన్నెకొరకు కొందరు హైడ్రోసు అను రసాయనము కలుపుచున్నారు. ఆ దోషములో సగము మన కంటిది. అదేవిధముగా చేయువానికిని విధి యున్నది. శరణులు చెప్పినది సత్యశుద్ధకాయకము. యంత్రముపై చేసినదానిని చేతిపని యని అమ్ముట, నేతిపేర మరియొకటి పోయుట పాతవృత్తి యన్నంతమాత్రమున క్షమింపదగినవి కావు.

మరియొక హెచ్చరికయు అవసరము. చేతివంటను పొగడుచు చేయువారి కష్టమును సైతము పొగడువారు కలరు. పొగలో కండ్లు మండుట గౌరవము కాదు. దంపుడుపనిని తగ్గించు యంత్రము వచ్చినచో అది శత్రువు కాదు. గానుగవాని కుమారుడు గానుగకే కట్టుబడియుండవలెనని కోరుటయు ధర్మము కాదు. పుట్టుకతో పనిని ముడివేసి తక్కువచేయు ఆచారమునే గదా శరణులు ఎదిరించినది. కావలసినది శ్రమించువారికి గౌరవము. శ్రమ శాశ్వతముగా నిలువవలెనని కాదు.

ఇట్టి గౌరవము ఎట్లు ఫలించునో జహీరాబాదు ప్రాంతము చూపినది. జొన్న, కొర్ర, సామలు పేదవారి తిండి యని లోకము తీసివేసిన రోజులలో, అచ్చటి దళితస్త్రీలు ఆ విత్తనములను ఇండ్లలో దాచి, పొలములలో నిలిపిరి. దక్కను డెవలప్‌మెంటు సొసైటీతో కూడిన వారి సంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమతి లభించినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. జొన్నరొట్టె మన లింగాయతుల ఇండ్లలో నిత్యభోజనము. దాని విలువ ఇతరులు చెప్పగా మనము తెలిసికొనవలసిన పని లేదు.

కావున భక్తులకును మఠములకును నాలుగు మాటలు విన్నవించుచున్నాను. శక్తి యున్నంతవరకు పర్వదినముల సరకునైన చేసినవారియొద్దనే కొనుడు. దుకాణమున అడుగని బేరమును గంపయొద్ద అడుగకుడు. అరువు పెట్టకుడు, చేతివృత్తివానికి నెల ఆలస్యము నెల పస్తు. దాసోహమున దాతల పేర్లు చదువునపుడు, నూనె ఆడించినవారి పేరును, రొట్టె తట్టినవారి పేరును కూడ చదువుడు. ప్రసాదము లింగమునకు సమర్పింపబడుటకు ముందే ఎన్నో చేతులు దానిని సమర్పించియున్నవి. ఆ చేతులను మరచినవాని నాలుకకు రుచి తెలియవచ్చును గాని, ప్రసాదము తెలియదు.