ఎనిమిదో పాకెట్

హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద వెళ్తుంటే, చౌటుప్పల్ ఇంకా రాకముందే దండు మల్కాపూర్ పారిశ్రామిక పార్కు తగులుతుంది. ఒకప్పుడు ఆ ప్రాంతం నల్గొండ జిల్లా. 2016 నుంచి యాదాద్రి భువనగిరి. ఆ వైపు ఒక షెడ్డు ఉందనుకోండి. అందులో ఒక సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్, దాని పక్కన 24 పాకెట్ల టూల్ మ్యాగజైన్.

ప్రోగ్రాంలో టూల్ మార్చమనే ఎం06 ఆదేశం రాగానే కావలసిన పాకెట్ కిందికి వంగుతుంది. ఆర్మ్ ఒక కొసతో స్పిండిల్‌లో ఉన్న టూల్‌ను, రెండో కొసతో పాకెట్‌లో ఉన్నదాన్ని పట్టుకుంటుంది. రెండింటినీ కిందికి లాగి, సగం చుట్టు తిరిగి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టేస్తుంది. కొన్ని సెకన్ల పని.

ఒకనాడు పంపుసెట్ల పోత ఇనుప బేస్ ప్లేట్ల ఆర్డరు వచ్చింది. వాటి పైభాగం సాపు చేయడానికి 125 మి.మీ. ఫేస్ మిల్ కావాలి. పక్క పాకెట్లు నిండి ఉంటే ఆ మెషీన్‌లో 75 మి.మీ. వ్యాసం మించిన టూల్ పెట్టకూడదు. రెండు పక్కలా ఖాళీ ఉంటే 150 దాకా పెట్టుకోవచ్చు. బరువు మాత్రం 8 కిలోలు దాటకూడదు.

సెట్టర్ కాకది నల్గొండ. చేయి తిరిగిన మనిషి. ఫేస్ మిల్‌ను 9వ పాకెట్‌లో పెట్టి, 8, 10 ఖాళీ చేశాడు. మామూలుగా స్పిండిల్ నుంచి దిగిన టూల్, కొత్త టూల్ వచ్చిన పాకెట్‌లోకే పోతుంది. ఫేస్ మిల్ అలా పోతే ఏ ఇరుకులో పడుతుందో తెలియదు. అందుకని టూల్ టేబుల్‌లో దాన్ని పెద్ద టూల్‌గా ఎక్కించాడు. ఇక అది ఎప్పుడు దిగినా 9కే వస్తుంది. బరువు కూడా ఎక్కువే కాబట్టి ఆర్మ్ నెమ్మదిగా తిరిగేలా పెట్టాడు. మిగతా బరువైన టూళ్లన్నీ ఒకే వైపు చేరకుండా సర్దాడు. ఇంత చేసినవాడు 8, 10 సంగతి ఎక్కడా రాయలేదు. ఖాళీ గురించి రాయడానికి ఏముంటుందనుకుని ఇంటికి పోయాడు.

రాత్రి షిఫ్టుకు పాలమూరు పిల్లగాడు వచ్చాడు. ఐటీఐ చదివి కొత్తగా చేరినవాడు. బోల్టు రంధ్రాలకు డ్రిల్ కావలసి వచ్చి, ఈఆర్32 హోల్డర్‌లో బిగించాడు. అప్పుడు ఫేస్ మిల్ స్పిండిల్‌లో ఉంది. మ్యాగజైన్ తలుపు తీస్తే వరసగా మూడు పాకెట్లు ఖాళీగా కనిపించాయి. 9 ఫేస్ మిల్‌దని స్క్రీన్ చెబుతోంది కాబట్టి దాని జోలికి పోలేదు. 8 ఎవరిదీ కాదు. అందులో డ్రిల్ పెట్టి సైకిల్ స్టార్ట్ నొక్కాడు.

ఫేస్ మిల్ పని ముగించుకుని 9కి వచ్చింది. పాకెట్ మళ్లీ వరసలోకి లేచింది. పాకెట్ల మధ్య దూరం 80 మి.మీ. ఫేస్ మిల్‌లో సగం 62.5, పక్కనున్న డ్రిల్ హోల్డర్ కాలెట్ నట్‌లో సగం 25. రెండూ కలిస్తే 87.5. ఠప్పుమని తగిలింది. ఇన్సర్ట్‌లు విరిగాయి, పాకెట్ వంగింది, అలారం మోగి మెషీన్ ఆగిపోయింది.

పొద్దున ఓనర్ ముందు పంచాయితీ.

“కండ్లు లేవారా? అంత పెద్ద కట్టర్ పక్కన ఎవడన్న టూల్ పెడ్తడా?” అన్నాడు కాక.

“కట్టర్ స్పిండిల్ల ఉండె కాకా. పాకెట్ ఖాళీగ కనవడ్డది, పెట్టిన.”

“నేను కావాల్ననే ఇడిచిపెట్టిన.”

“నాకెట్ల ఎరుక? మా ఊరి చెరువు శిఖం ఎండకాలంల ఉత్త బీడు లెక్కనే ఉంటది. అయినా అది చెరువుదేనని పహాణీల రాసుంటది. నీ ఎనిమిదో పాకెట్‌కు పహాణీ ఏడుంది కాకా?”

ఓనర్‌కు నవ్వొచ్చింది. “పహాణీల ఉన్నా శిఖంల ఇండ్లు కట్టినోళ్లు లేరా?”

“ఉన్నరు సార్. వానలు పడితె ఇంట్లకు నీళ్లొస్తయి. అప్పుడు తప్పు వాళ్లదే. రాత్రి తప్పు మాత్రం నా ఒక్కనిది కాదు.”

కాక మారు మాట్లాడలేదు. పాకెట్ సరిచేశాక స్క్రీన్ మీద 8, 10 ఎదురుగా ‘వాడరాదు’ అని నమోదు చేశాడు. షిఫ్టు రిజిస్టర్‌లో రాశాడు: ‘9లో 125 ఫేస్ మిల్. అది స్పిండిల్‌లో ఉన్నా సరే, 8, 10 దానివే.’ పెన్ను పిల్లగాని చేతికిచ్చి, “సదివినట్టు సంతకం పెట్టు” అన్నాడు.

నీతి: పెద్దదానికి చోటు వదిలితే సగం పనే అయినట్టు. ఎందుకు వదిలామో తర్వాత వచ్చేవాడికి రాసి చెబితేనే మిగతా సగం పూర్తవుతుంది. పెద్దది కళ్లెదుట ఉన్నంతసేపు దాని పక్క ఖాళీని ఎవరూ ముట్టుకోరు. అది లేని వేళలోనే ఆ ఖాళీకి కాపలా కావాలి. రాసింది చదవకుండా పెట్టినవాడిది పూర్తి తప్పు. రాయనప్పుడు మాత్రం వదిలినవాడికీ అందులో వాటా ఉంటుంది.