పేదవాని వాటా ఉన్న తోట

 

దివ్యఖుర్‌ఆన్‌లోని 68వ సూరా అల్ ఖలమ్‌లో ఒక తోటవారి గాథ ఉంది. వారి తండ్రి పుణ్యాత్ముడనీ, కోతనాడు బీదలకు వాటా తీసి ఇచ్చేవాడనీ ఖుర్‌ఆన్ వ్యాఖ్యాతలు రాశారు. తండ్రి పోయాక కొడుకుల బుద్ధి మారింది. తెల్లవారుజామునే వెళ్ళి కోసుకుందాం, బీదవాడెవడూ తోటలోకి రాకూడదు అనుకుని ప్రమాణం చేశారు. ‘ఇన్షా అల్లాహ్’ అన్న మాట కూడా నోట రాలేదు. రాత్రి వారు నిద్రలో ఉండగానే తోట మాడిపోయింది. పొద్దున్నే ఎవరికీ వినబడకుండా గుసగుసలాడుకుంటూ బయలుదేరిన ఆ అన్నదమ్ములు, తోటను చూసి మొదట దారి తప్పామేమో అనుకున్నారు.

వారు దొంగలు కారు. పరుల సొమ్ము ముట్టలేదు. తమ తోట పంటనే తాము కోసుకోబోయారు. మరి శిక్ష ఎందుకు పడింది? ఆ పంటలో బీదవాని వాటా కూడా ఉందన్న సంగతిని వారు మరిచారు. పంట కోసిన రోజే దాని హక్కు చెల్లించమని సూరా అల్ అన్ఆమ్ 141వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. అక్కడ వాడిన మాట ‘హఖ్’. అంటే అది మన దయ కాదు, వారి హక్కు.

ఈ గాథ మాకు గుర్తు రావడానికి ఒక కారణం ఉంది. బడంగ్‌పేట్‌లో ఒక జుమా నమాజు తరువాత నలుగురైదుగురు కుర్రవాళ్ళు మా దగ్గరికి వచ్చారు. “హజ్రత్, మా గల్లీ చివర ఒక ఖాళీ ప్లాటు ఉంది. అందరం వంతులవారీగా పనిచేసి ఆకుకూరలు, కూరగాయలు పండించి వితంతువుల ఇళ్ళకు, కూలి దొరకని ఇళ్ళకు ఇద్దామనుకుంటున్నాం. ఇది సవాబు పనేనా? పెద్దవాళ్ళు మాత్రం ఇది మాలీల పని, దీన్ పని కాదంటున్నారు” అన్నారు.

బడంగ్‌పేట్ చూసినవారికి ఆ ప్లాటు ఎలాంటిదో తెలుసు. ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు వెంచర్లు, హద్దురాళ్ళు, రాళ్ళ మధ్య సర్కారు తుమ్మ. ఇక్కడికి దగ్గర్లోనే బాలాపూర్ వైపు, ఇల్లూవాకిలీ వదిలి బర్మా నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు గుడిసెల్లో ఉంటున్నాయి. మన పక్కింట్లో ఏం వండారో మనకు తెలియని రోజులివి. ఇక గుడిసెలో పొయ్యి వెలిగిందో లేదో ఎవరికి తెలుస్తుంది?

మాలీల పని అన్న మాటకు ముందు జవాబు చెప్పాలి. ఒక ముస్లిం చెట్టు నాటినా, విత్తనం చల్లినా, దాని నుంచి పక్షిగానీ మనిషిగానీ పశువుగానీ తిన్నదల్లా అతనికి సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. పిట్ట గింజ ఎత్తుకుపోతే మనం తిట్టుకుంటాం. ఆ గింజ కూడా మన ఖాతాలో జమ అవుతుందట!

ఇక హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సంగతి వినండి. ఆయన బానిసగా ఉన్నారు. 300 ఖర్జూరపు మొక్కలు నాటి బతికించాలి, 40 ఊఖియాల బంగారం చెల్లించాలి, అప్పుడే విడుదల అని యజమాని షరతు పెట్టాడు. మీ సోదరునికి సాయపడండని ప్రవక్త (స) సహాబాలతో అన్నారు. ఒకరు 30 మొక్కలు తెచ్చారు, ఇంకొకరు 20, మరొకరు 15, మరొకరు 10. ఎవరి స్తోమతు వారిది. అందరూ కలిసి గోతులు తవ్వారు. ప్రవక్త (స) స్వయంగా వచ్చి తమ శుభహస్తాలతో మొక్కలు నాటారు. ఒక్క మొక్క కూడా చావలేదని సల్మాన్ (రజి) చెప్పుకునేవారు. పది మంది చేతులు మట్టిలో పెడితే ఒక మనిషి మెడలోని బానిసత్వం ఊడిపోయింది. దీన్‌కు ఇంతకన్నా పెద్ద పని ఏముందో ఆ పెద్దలే చెప్పాలి.

మన తెలంగాణలో కూడా చూడదగ్గ ఉదాహరణ ఒకటి ఉంది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆ సంఘాల్లోని ఆడవారిలో ఎక్కువమంది దళిత కుటుంబాలవారు, చదువు లేనివారు, కూలికి పోయేవారు. 1990ల మధ్యలో వారు తమ ఊళ్ళలో బీడుపడ్డ భూములను మళ్ళీ సాగులోకి తెచ్చారు. దున్నడానికి, ఎరువుకు చిన్న రైతుకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా కొన్నేళ్ళలో సంఘానికి తీర్చాలి. అలా వచ్చిన జొన్నలను ఊళ్ళోనే నిలవ చేసి, పనులు దొరకని కరువు నెలల్లో బీదలకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు బీదలన్నది ఏ ఆఫీసూ తేల్చలేదు. ఊరంతా కూర్చుని, ఏ ఇంట్లో ఎంత లేమి ఉందో ఆ ఆడవారే లెక్కగట్టారు. ఎక్కువ లేమి ఉన్న ఇంటికి ఎక్కువ గింజలు. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బహుమతి మాట అలా ఉంచండి. తమకే సరిగా లేనివారు తమకన్నా లేనివారి కోసం గింజ దాచారు. జకాత్, ఉష్ర్, వక్ఫ్ వంటి ఏర్పాట్లు చేతిలో ఉన్న ఉమ్మత్‌గా మాకు అది చదివినప్పుడు సిగ్గు వేసింది.

అయితే మంచి పనికి కూడా షరీఅత్ హద్దులున్నాయి. కుర్రవాళ్ళకు మేము మొదట చెప్పింది ఇదే: ఆ ప్లాటు ఎవరిది? యజమాని అనుమతి లేకుండా ఒక్క మొక్క కూడా నాటకండి. జానెడు నేల అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని హదీసు. ఖాళీగా ఉందికదా అన్న సాకు అక్కడ పనికిరాదు. మస్జిదు వెనుక జాగా వాడుకోవచ్చా అని కూడా అడిగారు. వక్ఫ్ చేసినవారు ఏ ఉద్దేశంతో ఇచ్చారో దానికే వాడాలి. మస్జిదు కోసం నాటిన చెట్టు ఫలం మస్జిదుదే. కమిటీ మీద అలిగి లాభం లేదు.

రెండోది, జకాత్ డబ్బుతో బోరు వేయించవచ్చా అన్న ప్రశ్న. మన హనఫీ ఉలమాల ప్రకారం జకాత్ సొమ్ము హక్కుదారుని చేతికి, అతని సొంతానికి చేరాలి. బోరుకు, కంచెకు, పైపులకు జకాత్ పెడితే అది చెల్లదు. వాటికి నఫిల్ సదఖా వేరుగా వసూలు చేయండి. నఫిల్ సదఖాతో పండిన కూర ముస్లిమేతర పొరుగువారికి కూడా నిశ్చింతగా ఇవ్వవచ్చు. ఆకలికి మతం అడగనక్కరలేదు.

మూడోది నీరు. మూసీ దిగువన మురుగునీటితో గడ్డి, ఆకుకూరలు పెంచడం అందరికీ తెలిసిందే. మోరీ నీళ్ళు ఎలాగూ ఉచితమే కదా అని ఒక కుర్రవాడు అన్నాడు. మీరు కళ్ళు మూసుకుంటే తప్ప తీసుకోని నాసిరకాన్ని అల్లాహ్ మార్గంలో ఇవ్వకండని సూరా అల్ బఖరా 267వ ఆయతు భావం. మన అమ్మకు వండిపెట్టని కూర బీదవాని తల్లికి ఎలా ఇస్తాం?

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక రమజానులో రేషన్ పంచేటప్పుడు మేమూ ఉన్నాం. సంచీ ఇస్తూ ఫొటో తీస్తున్నారు. ఒక ఖాలా వంతు రాగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, సంచీ తీసుకోకుండానే వెనుదిరిగింది. మేము ఆ ఫొటో ఆపించలేదు. దాతలకు చూపించాలి కదా అని సర్దిచెప్పుకున్నాం. అల్లాహ్ ప్రసన్నత కోసమే తినిపిస్తున్నాం, మీ నుంచి ప్రతిఫలంగానీ కృతజ్ఞతగానీ కోరడం లేదు అనే సజ్జనుల గురించి సూరా అద్దహ్ర్‌లో ఎన్నిసార్లు దర్స్ ఇచ్చామో! ఆ రోజు మాత్రం అది మాకు గుర్తుకు రాలేదు.

కుర్రవాళ్ళు ప్లాటు యజమానిని వెతికి పట్టుకున్నారు. ఆయన జిద్దాలో ఉంటారు. రెండేళ్ళకు కాగితం రాసి పంపారు. తుమ్మ కొట్టేసి తోటకూర, పాలకూర, గోంగూర చల్లారు. తోటకూర నెలకే కోతకొస్తుంది కనుక కుర్రవాళ్ళ ఓపిక దాటిపోకముందే పంట కనబడింది. ఫొటో వద్దన్నాం, ఒప్పుకున్నారు. కట్టలు ఫజ్ర్ తరువాత గుమ్మాల దగ్గర పెట్టి వచ్చేయాలని అనుకున్నారు.

అప్పుడు ఆ ఖాలాయే మనవడి చేత కబురు పంపింది. “ఊరికే ఇస్తే వద్దు. పొద్దున పూట వచ్చి కలుపు తీస్తాను, నీళ్ళు పెడతాను. కూలి కింద కూర ఇవ్వమనండి” అని. ఇది కుదురుతుందా అని కుర్రవాళ్ళు మమ్మల్ని అడిగారు. మదీనాలో అన్సార్లు తమ ఖర్జూరపు తోటలను ముహాజిర్లకు పంచి ఇస్తామంటే ప్రవక్త (స) వద్దన్నారు. అప్పుడు, మీరు తోటలో పనిచేయండి, ఫలంలో మనం పాలు పంచుకుందాం అని అన్సార్లు అంటే ముహాజిర్లు సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ హదీసు చెప్పి, ఎంత పనికి ఎంత కూర అన్నది ముందే మాట్లాడుకుని ఖాయం చేసుకోమన్నాం. ఇప్పుడు తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది.