ఆగండి డాక్టరుగారూ!



బస్సు నడిపేది డ్రైవరే. కానీ కండక్టరు విజిల్ వేస్తే బ్రేకు పడాల్సిందే. "నన్ను ఆపడానికి నువ్వెవరు?" అని ఏ డ్రైవరూ అడగడు. మెట్టు మీద ఎవరి కాలుందో కండక్టరుకే కనిపిస్తుంది.

అమెరికాలో, బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ఉంది. 2001లో అక్కడి వైద్య ఆచార్యుడు పీటర్ ప్రొనొవోస్ట్ ఐసీయూ రోగుల గురించి ఆలోచించారు. వాళ్ల మెడ దగ్గరో, ఛాతీ దగ్గరో పెద్ద సిరలోకి సన్నటి గొట్టం వేస్తారు. దాని గుండా మందులు వెళ్తాయి. ఒక్కోసారి క్రిములూ వెళ్తాయి. అప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

గొట్టం వేసేముందు ఏమేం చేయాలో ఆయన కాగితం మీద రాశారు. చేతులు శుభ్రంగా కడుక్కోవడం లాంటివే. ఏ డాక్టరుకు తెలియవు? అయినా హడావుడిలో ఏదో ఒకటి జారిపోయేది.

అందుకే ఇంకో అడుగు వేశారు. నాకు ఎంతో గొప్పగా తోచేది ఇదే. కండక్టరుకు విజిల్ ఉన్నట్టే, ఒక్క పని మరిచినా, "ఆగండి డాక్టరుగారూ" అనే అధికారం నర్సుకు ఇచ్చారు. ఆసుపత్రి పెద్దలు ఆమె వెనక నిలబడ్డారు. అక్కడ ఆ ఇన్ఫెక్షన్లు దాదాపు మాయమయ్యాయి. తర్వాత ఇదే పద్ధతితో మిషిగన్ రాష్ట్రంలోని ఐసీయూల్లోనూ బాగా తగ్గాయి.

ఆగండి. ఆ ఒక్క మాట ఎన్నో ప్రాణాలు నిలిపింది.

మన ఆసుపత్రుల్లో పెద్ద డాక్టరును నర్సు ఆపడం తేలిక కాదు. వయసు అడ్డొస్తుంది. హోదా అడ్డొస్తుంది. కాబట్టి ముందు డాక్టరే నోరు తెరవాలి. "సిస్టర్, నేనేదైనా మరిచిపోతే వెంటనే ఆపండి" అనాలి. అందరూ వినేలా అనాలి. ఈ ఉదయం డ్యూటీకి బయల్దేరుతున్న డాక్టర్లకు నా విన్నపం ఇదే.