సగటు కణం ఎక్కడుంది?

మా అక్క కూతురికి ఏడాది దాటేసరికి నాలుగైదు మాటలొచ్చాయి. తర్వాత ఒక్కొక్కటే పోయాయి. చేతులు రెండూ ఎప్పుడూ ఒకదాన్నొకటి నులుముకుంటూనే ఉంటాయి. రెట్ సిండ్రోమ్ అని డాక్టర్లు చెప్పడానికి చాలాకాలం పట్టింది. హనుమకొండలో అక్క అత్తగారు మాత్రం ముందే తేల్చేసింది: "మా ఇంట్ల ఇసొంటిది ఎన్నడు లేదు. నీ దిక్కు నుంచే వచ్చింది."

నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. జీవశాస్త్రమంటే మనకు అనుమానమే. ప్రకృతి పేరు చెప్పి మనల్ని ఎన్నిసార్లు వంటింట్లో కూచోబెట్టలేదు! అయినా ఈ పిల్ల కోసం చదవక తప్పలేదు.

ఆడపిల్ల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. పిండం తొలి దశలోనే ఒక్కో కణం వాటిలో ఒకదాన్ని నిద్రపుచ్చుతుంది. ఏది అన్నది చీటీ తీసినట్టే. ఆ కణం నుంచి పుట్టినవన్నీ అదే పాటిస్తాయి. 1961లో మేరీ లయన్ ఈ సంగతి ప్రతిపాదించింది. అంటే మన మెదడులో పక్కపక్కనున్న నాడీకణాల్లో ఒకటి తల్లి ఇచ్చిన ఎక్స్‌తో, ఇంకొకటి తండ్రి ఇచ్చిన ఎక్స్‌తో పనిచేస్తుండొచ్చు. రెట్‌కు కారణం ఎక్స్ మీదున్న ఎంఇసిపి2 అనే జన్యువులో మార్పని 1999లో హుదా జోగ్బీ బృందం కనుక్కుంది. కాబట్టి ఈ పిల్ల మెదడులో కొన్ని కణాలకు ఆ జన్యువు బాగానే ఉంటుంది, కొన్నిటికి పనిచేయదు.

మెదడు ముక్కను నూరి కొలిస్తే, ప్రతి కణంలోనూ పనిచేసే ప్రోటీన్ సగమే ఉందన్నట్టు లెక్క వస్తుంది. నిజానికి సగం ఉన్న కణం ఒక్కటీ లేదు! ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏను విడిగా చదివే పద్ధతి 2009లో వచ్చింది. సగటు కింద అణిగిపోయిన తేడాలు అందులో బయటపడతాయి.

నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో 'స్త్రీ అనుభవం' అని ఎన్నిసార్లు రాశానో. గోగు శ్యామల సంకలనం 'నల్లపొద్దు' ముందు పెట్టుకుంటే సిగ్గేస్తుంది. నేనూ నూరే కొలిచాను. (కణాన్నీ మనిషినీ ఒకే గాటన కట్టకూడదనుకోండి. కణానికి కులం లేదు.)

ఇంకో సంగతి. ఈ జబ్బులో మార్పు దాదాపుగా వంశంలో వచ్చేది కాదు, కొత్తగా పుట్టేది. అదీ ఎక్కువగా తండ్రి వీర్యకణంలో. చదవగానే, దొరికింది జవాబు అనుకున్నాను. ఆ వెంటనే జంకాను. ఇందులో బావ చేసిన తప్పేముంది? నింద అటు తిరుగుతుందే గానీ పోదు కదా. కానీ ఇన్నేళ్ళూ దాన్ని అక్క ఒక్కతే మోసింది. తెలిసీ దాచడం మాత్రం న్యాయమా?

చెప్పాను. అక్క పిల్ల చేతుల్ని మెల్లగా విడదీసి, తన చేతుల్లో పట్టుకుని వింది.

"అత్తమ్మకు చెప్పకే," అంది. "చెప్పినా నమ్మది. నమ్మితే ఇగ ఆయన్నంటది."