మెలితే ద్వీపములో రెండు తీర్పులు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 28:1–10

ఓడ బ్రద్దలైనను 276 మందియు ప్రాణములతో ఒడ్డు చేరిరి. వర్షము కురియుచున్నది, చలి వణికించుచున్నది. ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి, వీరిలో ఖైదీ యెవడు, సైనికుడెవడు అని విచారింపక అందరిని చేర్చుకొనిరి. మన తెలుగు బైబిలు వీరిని అనాగరికులని పిలిచినది. మూలములోని ‘బర్బరోయ్’ అను మాటకు గ్రీకు భాష మాటలాడనివారని మాత్రమే భావము. లూకా వారి దయ సామాన్యమైనది కాదని మెచ్చుకొనుచుండగా మనము మొదటి మాటతోనే వారిని చిన్నబుచ్చితిమి. అనువాదము చేయువాడనగుటచేత ఈ మాట నన్నెప్పుడును బాధించును.

ఇంతలో పుల్లల మోపునుండి పాము వెలువడి పౌలు చేయి పట్టెను. నిప్పు వేసి ఆదరించిన ఆ నోళ్లే, ఇతడు నరహంతకుడనియు, సముద్రము విడిచినను న్యాయము విడువదనియు చెప్పుకొనెను. అతడు వాపెక్కునని, పడి చచ్చునని చాలసేపు కనిపెట్టిరి. ఏ హానియు కలుగకపోగా ఇతడొక దేవత యనిరి.

రెండు తీర్పులకును సాక్ష్యమొక్కటే: ఒక పాము. తీర్పు మారినది గాని దానిని పుట్టించిన భయము మారలేదు. పౌలును పిలిచి, ‘అయ్యా, నీవెవరవు?’ అని అడిగినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. లుస్త్రలో ఇదే వరుస తలక్రిందులాయెను. అక్కడ మొదట దేవతకు బలి యర్పింపబోయిరి, పిమ్మట రాళ్లు రువ్విరి.

ప్రియ చదువరీ, మన పల్లెలను తలంచుకొనుము. ఒకచోట బాణామతి యందురు, ఒకచోట చేతబడి, మరియొకచోట చిల్లంగి. బిడ్డ జ్వరము దిగదు, పాడిగేదె పాలివ్వదు. అప్పుడు కారణము కావలెను, ఆ కారణమునకొక ముఖము కావలెను. అది మోతుబరి ముఖము కాదు. దిక్కులేని విధవరాలిది, నాటుమందిచ్చు వృద్ధునిది, గట్టు తగవున్న పొరుగువానిది. నిన్న ఎవరి చేతి మందు త్రాగి బాగుపడిరో, నేడు ఆ చేతికే వెరచెదరు. మంత్రము పలుకకుండ పండ్లు ఊడబెరికిన వార్తలు తెలంగాణమునుండి పత్రికల కెక్కినవి. నిలువునా కాల్చిన వార్తలును కలవు. మంత్రగత్తె యను నిందతో జరుగు హింసకు విరోధముగా బీహారు 1999లోను, జార్ఖండు 2001లోను, ఛత్తీస్‌గఢ్ 2005లోను, ఒడిశా 2013లోను ప్రత్యేక చట్టములు చేయవలసి వచ్చెను.

నిర్గమకాండము 22:18 మాటయేమి అని కొందరడుగుదురు. అడుగవలసినదే. అచ్చటి హెబ్రీ పదము స్త్రీలింగము. దానినే ప్రాచీన గ్రీకు అనువాదకులు, మందులు కలుపువాడను భావముగల మాటతో, పుంలింగ బహువచనములో వ్రాసిరి. పండితులకే తేట తెల్లముగాని ఆ పదమును పల్లె గుంపు ఒక అవ్వ తలపై మోపుట యెంత సాహసము! ఆ ధర్మశాస్త్రమే ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక ఎవనిని చంపకూడదనెను; కూటసాక్షి తలంచిన కీడు వాని మీదికే రావలెననెను (ద్వితీ. 17:6, 19:16–19). మరియు అదే అధ్యాయములో, నాలుగు వచనముల తరువాతనే, విధవరాలిని బాధింపవద్దను ఆజ్ఞ యున్నది. మొదటిది కంఠస్థము చేసినవారు రెండవదానివరకు చదువలేదు.

పల్లెవారిని చూచి నవ్వుటకు మనకు హక్కులేదు. 1692లో అమెరికాలోని సేలెములో 19 మందిని ఉరితీసి, ఒక వృద్ధుని రాళ్ల బరువుక్రింద చంపినవారు బైబిలు బాగుగ చదివిన ప్రొటెస్టంటులే. న్యాయాధిపతులలో సామ్యూలు సూవల్ ఒక్కడు 1697లో బోస్టను ఆరాధన మందిరమున, తన ఒప్పుకోలును కాపరి చదువుచుండగా సభ యెదుట నిలిచెను. స్విట్జర్లాండులోని గ్లారుసులో, యజమాని బిడ్డ సూదులు కక్కెనని, అన్నా గోల్డి యను పనిమనిషిని 1782లో శిరచ్ఛేదము చేసిరి. ఆమె నిర్దోషియని ఆ ప్రాంత శాసనసభ ప్రకటించినది 2008లో.

అంధకార శక్తులు లేవని నేను చెప్పుటలేదు. సాతాను ఉన్నాడని ఒప్పుకొనుట వేరు, పొరుగింటి అవ్వయే వాని చేయి యని తేల్చుట వేరు. ఎఫెసులో మాంత్రికులు తమ పుస్తకములను తామే తెచ్చి కాల్చిరి. వాటి వెల 50,000 వెండి నాణెములు. ఎవడును వారి యింటిలో జొరబడలేదు. పేతురు సీమోనును కఠినముగా గద్దించెను గాని మారుమనస్సు పొందుమనెను, గుంపునకు అప్పగింపలేదు. ఎలుమకు గ్రుడ్డితనము వచ్చెను. అది ప్రభువు హస్తమువలన, అదియు కొంతకాలమే.

నన్ను అన్నిటికంటె కలవరపరచునది మన ప్రార్థన కూటమే. రోగికొరకు చేతులుంచి ప్రార్థించుచు, ‘మీ తూర్పు దిక్కు యింటివారు చేయించిరి’ అని ప్రవచించు బోధకులు మనలో బయలుదేరిరి. మంత్రగాడు చెప్పినదే వీరును చెప్పుచున్నారు, యేసు నామమును చేర్చి. ఆ రాత్రి తూర్పు యింటిమీద రాయి పడినయెడల ఆ రక్తమెవరి చేత అడుగబడును? పొప్లి తండ్రి జ్వరముచేతను రక్తభేదిచేతను పడియుండగా పౌలు లోపలికి వెళ్లి ప్రార్థించి చేతులుంచెను. ఇది ఎవరు చేసిరని విచారింపలేదు.

మీ ఊరిలో ఒక యింటిమీద ఆ నింద పడినట్లు విన్న సాయంకాలమే కాపరియు సంఘపెద్దలును వెళ్లి ఆ యింటి అరుగుమీద కూర్చుండవలెను. ఒకరు రోగిని ఆసుపత్రికి చేర్చుటకు బండి కుదుర్చవలెను, ఒకరు పోలీసు ఠాణాకు కబురంపవలెను. తక్కినవారు తెల్లవారువరకు ఆ అరుగు విడువరాదు.