ప్రొద్దు పొడిచిన తరువాత

మా కంకిపాడు ప్రాంతపు సంఘములో ఒక యౌవనస్థుడు ఆరాధన ముగిసిన తరువాత నా యొద్ద నిలిచి, “అయ్యగారూ, తలుపు వెనుక కర్ర పెట్టుకొనుట విశ్వాసికి తగునా?” అని అడిగెను. కాలువ నీటి తగాదాలో అతనిని చంపుదుమని బెదిరించినవారున్నారు. రెండవ చెంప మాట చెప్పి పంపివేయుట నాకు సులభమే. కాని దెబ్బలు తినబోవువాడు నేను కాదు గదా!

నిర్గమకాండము 22వ అధ్యాయములో దొంగను గూర్చిన కట్టడ ఒకటి యున్నది. చీకటిలో కన్నము వేసినవాని ప్రాణము పోయినను ఇంటివానిమీద నేరము లేదు. తెల్లవారిన పిమ్మట వానిని చంపినవాడు మాత్రము ఆ రక్తమునకు జవాబుదారి. ఏలయనగా రాత్రివేళ వచ్చినవాని చేతిలో ఏమున్నదో తెలియదు, పిలిచినను పలుకువారుండరు. పగలు సాక్షులుందురు, న్యాయాధిపతులుందురు. దొంగ ప్రాణమునకు సహితము దేవుడు లెక్క అడుగుచున్నాడు.

మన దేశపు చట్టమును ఇంచుమించు అక్కడనే గీత గీసినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణను గూర్చినవి. తన్ను మాత్రమే గాక పొరుగువానిని కాపాడుటకును హక్కు కలదు. అయితే అధికారుల సహాయము పొందు వ్యవధియున్నచోట ఆ హక్కు లేదు. అవసరమునకు మించి కొట్టరాదు. పట్టుబడినవానిని స్తంభమునకు కట్టి ఊరంతయు కొట్టుట రక్షణ కాదు, పగ.

ఇంతవరకు చెప్పుట తేలిక. చట్టమే ఆలస్యము చేసినయెడల? కృష్ణ దాటి చీరాల దగ్గరి కారంచేడునకు పోదము. 1985 జూలైలో అక్కడ మంచినీటి చెరువును మైల చేయవద్దన్న మాదిగ స్త్రీని కొట్టబోగా, ఆమె చేతిలోని బిందె అడ్డమెత్తెను. మరునాడు, అనగా 17వ తేదీన, భూస్వాములు పల్లెమీద పడి ఆరుగురిని చంపిరి. మిగిలినవారు చీరాలకు పోయి చర్చి ఆవరణములో తలదాచుకొనిరి. సుప్రీంకోర్టు తీర్పు వచ్చుసరికి 2008 డిసెంబరు అయ్యెను. ఇరువది మూడు సంవత్సరములు! ఆ బిందె ఎత్తుట పాపమని నేను ఏ ప్రసంగపీఠము నుండియు చెప్పజాలను. అయినను ఆ జనులు కత్తులు పట్టక కోర్టు గుమ్మము పట్టుకొనియుండిరి. లూకా 18వ అధ్యాయములోని విధవరాలు దేవుని భయములేని న్యాయాధిపతిని విడువనట్లే వీరును విడువలేదు.

పౌలు ఏమి చేసెను? తన్ను చంపుటకు నలువదిమందికి పైగా ఒట్టు పెట్టుకొనిరని మేనల్లుడు చెప్పగానే వానిని సహస్రాధిపతి యొద్దకు పంపెను. రెండువందలమంది సైనికులు, డెబ్బదిమంది గుర్రపురౌతులు, రెండువందలమంది ఈటెలవారు కాపలాగా నడిచిరి. అది అవిశ్వాసమని ఎవరందురు?

ప్రియులారా, ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట పొరుగువాని చేత దెబ్బలు తిన్న ఒక సహోదరితో, “క్షమించుమమ్మా, కేసు వెనుకకు తీసికొనుము” అని నేనే రాజీ కుదిర్చితిని. నెల తిరుగకముందే వాడు ఆమెను మరల కొట్టెను. క్షమాపణ ఆమె హృదయములోనిది. ఫిర్యాదు వీధిలోని తక్కిన స్త్రీలందరి క్షేమము కొరకైనది. నేను ఆ రెంటిని కలిపివేసితిని. ఆమె నన్ను క్షమించినది గాని నా ముఖము చూచి మాటలాడుటకు చాలకాలము పట్టినది.

యౌవనస్థునితో, “కర్ర ఉండనిమ్ము, పాములును వచ్చును గదా” అంటిని. అతడు నవ్వెను. తలుపుమీద 112 అను నంబరు సుద్దతో వ్రాయుమంటిని. నీకు వచ్చిన బెదిరింపు రాత్రి దొంగ కాదు, ప్రొద్దు పొడిచియున్నది, పోలీసులకు చెప్పుటకు వ్యవధి కలదు అంటిని. స్టేషనులో వ్రాసికొననియెడల అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చునని చెప్పితిని. “ఒంటరిగా పోవుటకు భయముగా ఉన్నదండి” అనెను. సోమవారము ఉదయము ఇద్దరము కలిసి పోవుచున్నాము.